గుడియాత్తంలో ఆయుధ పూజ: గుమ్మడికాయ పగిలిన తర్వాత

పోయిన ఏడాది ఆయుధ పూజ మరునాడు పొద్దున్నే చిత్తూరు బస్సు కోసం వేలూరులో హాస్టలు నుంచి బస్టాండుకు నడిచాను. దారి పొడవునా మూసి ఉన్న ప్రతి షట్టరు ముందూ ఒక బూడిద గుమ్మడికాయ పగిలి ఉంది. కుంకుమ, సున్నం కలిసిన గుజ్జు తారు మీద ఎర్రగా పరుచుకుంది. లారీలకు, ఆటోలకు కట్టిన అరటి పిలకలు ఊడిపోయి గుట్టలుగా పడి ఉన్నాయి. వాటి మధ్య మెరుపు కాగితాలు, ప్లాస్టిక్ దండలు. గుజ్జు ఉన్నచోట మోటారు సైకిళ్ళవాళ్ళు వేగం తగ్గించి, కాళ్ళు కింద ఆనించి దాటుతున్నారు. చెత్త బండి ఇంకా రాలేదు.

పండుగలప్పుడు చేసిన చిన్న ప్రయాణాల గురించి ఈ బ్లాగులో రాస్తుంటాను. చెత్త తక్కువగా పండుగ చేసుకునే చోటు ఏదైనా ఉంటే చెప్పమని చదివేవాళ్ళు అడుగుతుంటారు. నాకు తెలియక జవాబు ఇవ్వలేదు. ఈ సంవత్సరం నవరాత్రుల మొదట్లో, లైబ్రరీలో నాతో పనిచేసే రేవతి పుస్తకాలు సర్దుతూ ఒక మాట చెప్పింది. వాళ్ళది గుడియాత్తం. తండ్రి మునిరత్నం ఇళ్ళు కట్టే మేస్త్రి. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ళు.

“ఈ తూరి మా ఇంట్లో గుమ్మడికాయ పగలగొట్టేది లేదంట. అమ్మ చెప్పేసింది. నాయన సరే అనలేదు, కాదనీ అనలేదు. ఊరికే మీసం దువ్వుకుంటా ఉండాడు. నువ్వు రాసుకుంటావు కదా, వచ్చి చూడు.”

ఎందుకు వద్దంటోందని అడిగాను.

“పోయిన యేడు అమ్మ చెయ్యి విరిగింది కదా. పూజ మరునాడు చీకట్లో ముగ్గు వెయ్యను గేటు తీసి బయట అడుగు పెట్టింది, జారింది. ఎవరిదో కాయ అయితే తిట్టుకొని ఊరుకుండును. మా కాయే. మా నాయన పగలగొట్టిన కాయే.”

ఇతరుల ఇళ్ళలో ఉండడం నాకు అలవాటు లేదు. రెండు రోజులు ఆలోచించి వస్తానని చెప్పాను.

వేలూరు నుంచి గుడియాత్తానికి రెండు దారులున్నాయి. కాట్పాడిలో రైలెక్కితే అరగంట ప్రయాణమే గాని, స్టేషను ఊరికి దూరం. బస్సయితే పళ్ళికొండ మీదుగా గంట పైన పడుతుంది, టికెట్టు ముప్పై లోపే. నేను ఆయుధ పూజ రోజు ఉదయం ఎనిమిదికి బస్సెక్కాను. బస్సు ముందు అద్దానికి రెండు పక్కలా అరటి పిలకలు కట్టి, మధ్యలో బంతిపూల దండలు వేలాడదీశారు. డ్రైవరు ఆ పూల సందులోంచి వంగి చూస్తున్నాడు. ముందు సీటులో కూర్చున్న పెద్దావిడ ఊరుకోలేకపోయింది.

“రోడ్డు అగపడతాదా అప్పా నీకు?”

“రోడ్డుకు మనం అగపడతాం కదమ్మా, చాలు,” అన్నాడు డ్రైవరు.

పళ్ళికొండలో బస్సు కాసేపు ఆగింది. హైవే పక్కన హోటళ్ళ ముందు లారీలు వరుసగా నిలబడి ఉన్నాయి. క్లీనర్లు చక్రాలు కడుగుతున్నారు. వాటి ఎదురుగా బూడిద గుమ్మడికాయల గుట్టలు. చిన్నది అరవై, పెద్దది నూటయాభై. అమ్ముతున్నామె నన్ను చూసి ఒక కాయను తట్టి చూపించింది.

“తీసుకోమ్మా. పగిలితే వీధంతా వినబడతాది.”

“దీంతో కూర చేసుకోవచ్చా?” అని అడిగాను. నిజంగా తెలియక అడిగాను. మా ఇంట్లో ఈ కాయతో వడియాలు పెడతారు.

“ఈ పొద్దా? ఈ పొద్దు దీన్ని తినేదా?” ఆమె పక్క దుకాణంవాడి వైపు తిరిగింది. “విన్నావా, కూరంట! యాడిదమ్మా నువ్వు?”

చిత్తూరు అని చెప్పి, పక్క దుకాణంలో బొరుగులు, పుట్నాలు, బెల్లం కొన్నాను. ఆయుధ పూజ ప్రసాదం ఇవే. దుకాణంవాడు ప్లాస్టిక్ కవరు ఊదుతుంటే నా గుడ్డసంచి తెరిచి పట్టుకున్నాను. అందులోనే పోశాడు. దానికి అతనేమీ అనుకోలేదు. ఒక కవరు మిగిలింది.

గుడియాత్తంలో దిగేసరికి తొమ్మిదిన్నర. ఈ ఊరిలో లుంగీలు నేస్తారు. మామూలు రోజుల్లో సందుల్లో నడిస్తే గోడల వెనక నుంచి మగ్గాల చప్పుడు వినిపిస్తుందని రేవతి చెప్పేది. ఆ రోజు ఏ మగ్గమూ ఆడడం లేదు. ఆటో ఎక్కి, నీళ్ళు లేని కౌండిన్య నది వంతెన దాటి, ఆమె చెప్పిన వీధికి వెళ్ళాను. అరవై రూపాయలు తీసుకున్నాడు. దిగేటప్పుడు డ్రైవరు, “మేస్త్రి ఇంటికా? సాయంత్రం ఉండు తల్లీ, ఆ ఇంట్లో ఈ పొద్దు గలాటా ఉండాది,” అన్నాడు. అంటే విషయం వీధి దాటి పోయిందన్నమాట.

ఇంటి ముందు మునిరత్నం పీటమీద కూర్చుని తాపీలు తోముతున్నాడు. యాభై దాటిన మనిషి, గుబురు మీసం. నన్ను చూసి లేచి, “రామ్మా, యాడికీ పోకుండా నేరుగా వచ్చినావే,” అని కూతుర్ని కేకేశాడు. పార, గడ్డపార, రసమట్టం, తూకపు గుండు, కాంక్రీటు మోసే ఇనుప బొచ్చెలు అన్నీ కడిగి ఎండలో బోర్లించి ఉన్నాయి. గేటుకు రెండు వైపులా అరటి పిలకలు ఉన్నాయిగాని, కోసి కట్టినవి కావు. వేళ్ళతో సహా తవ్వి తెచ్చి, సిమెంటు సంచుల్లో మట్టి పోసి నాటారు. పూజ తర్వాత వాటిని కట్టుబడి జరిగే చోట పాతుతారట. గోడలు తడిపే నీళ్ళు వాటికీ అందుతాయి. దండలన్నీ పూలవే. మెరుపు కాగితం ఒక్కటీ లేదు.

ఇవన్నీ కాంతమ్మ చేసిన మార్పులు. రేవతి తల్లి ఆమె. వంటింట్లో వడలు వేస్తూ కనిపించింది. పిండి ఎడమ చేత్తో తట్టి, ఎడమ చేత్తోనే నూనెలో వదులుతోంది. కుడి మణికట్టు సగం వరకే తిరుగుతుంది. నేను చూడటం గమనించి, “లోపల ప్లేటు ఉండాది. చలికాలం వస్తే అదే ముందు చెప్తాది,” అంది. తర్వాత రేవతితో, “మీ నాయన్ను అడుగు, గోవిందుకు చెప్పినాడా లేదా అని,” అంది.

బయట నుంచే జవాబు వచ్చింది. “మీ అమ్మకు చెప్పు, వాడొస్తే ఆమే చెప్పచ్చు.”

గోవిందు సెంట్రింగు పని చేసే ముఠాకు పెద్ద. అంటే పైకప్పు పోసే ముందు కింద గుంజలు నిలబెట్టి, వాటి మీద రేకులు పరిచేవాళ్ళు. మరునాడు విజయదశమి. మునిరత్నం కడుతున్న ఒక ఇంటికి రెండో అంతస్తు పైకప్పు ఆ రోజే పోయాలి. వీళ్ళు దాన్ని మోల్డు అంటారు. ముహూర్తం పెట్టారు, మిషను మాట్లాడారు, గుంజలు, రేకులు అన్నీ సిద్ధం. కాంక్రీటు పడుతున్నంతసేపు గోవిందు మనుషుల్లో కొందరు కింద గుంజలు కనిపెట్టుకుని ఉండాలి, మిగతావాళ్ళతో గోవిందు పైన ఉండాలి. ఒకరు నిలబెట్టిన గుంజల కింద వేరే ముఠా వచ్చి నిలబడదు. గోవిందు రాకపోతే మోల్డు లేదు.

మధ్యాహ్నం భోజనాల వేళకు గోవిందు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, సన్నగా ఉన్నాడు. వెనక అతని మనుషులు నలుగురైదుగురు. భుజం మీద బస్తా అంత బూడిద గుమ్మడికాయ.

“అక్కా, కాఫీ పెట్టు. కాయ తెచ్చినా.”

“కాఫీ పెడతా. కాయను వచ్చిన దోవనే పంపించు,” అంది కాంతమ్మ.

గోవిందు కాయను అరుగు మీద దించి, మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి తాపీ వైపు చూశాడు.

“రేపు మోల్డు ఉండాది కదక్కా.”

“నిమ్మకాయలు ఉండాయి. ఎన్ని కావల్లో చెప్పు. బుట్ట ఇస్తా.”

“నిమ్మకాయ మోపెడ్‌కు సరిపోతాది. మోల్డుకు నిమ్మకాయ పెడితే మోల్డే నవ్వుతాది.”

అతని మనుషులు నవ్వారు. కాంతమ్మ కూడా నవ్వింది, కాని వడల పళ్ళెం అతని ముందు పెట్టి, “తిను. తిన్నాక కూడా నా మాట ఇదే,” అంది.

“అన్నా, నువ్వైనా చెప్పు,” అన్నాడు గోవిందు.

“మీరిద్దరూ నా మొగం చూడొద్దండి. నేను తాపీలు తోముతాండా,” అన్నాడు మునిరత్నం.

భోజనంలో సాంబారు, వడ, పాయసం. అరటి ఆకుల్లో పెట్టారు, నీళ్ళు స్టీలు చెంబుల్లో. గోవిందు నా ఎదురు వరుసలో కూర్చున్నాడు. నేను రాస్తానని రేవతి చెప్పినట్టుంది, నాతో మాట్లాడాడు. నవ్వు లేకుండా మాట్లాడాడు.

“చూడమ్మా, నాకు దేవుడు దయ్యం అని పెద్దగా లేదు. పైన నిలబడినప్పుడు మనసులో ఒక మూల ‘ఈ తూరి దిష్టి తియ్యలేదే’ అని ఉండిందనుకో, కాలు నేరుగా పడదు. కాలు పడకపోతే ఏమవుతాదో నేను చూసినా.”

ఎవరు పడగా చూశాడో నేను అడగలేదు.

“అక్క చెయ్యి విరిగింది, పావం. నేనే ఆస్పత్రికి తీసుకొనిపోతిని. అది వేరే. కాయ పగలకపోతే రేపు నేను రాను. నా పిల్లోళ్ళూ రారు. ఎవరి మీదా కోపం లేదు.”

ఇది అతను కాంతమ్మకు వినపడేలాగే అన్నాడు. ఆమె పాయసం వడ్డిస్తూ విని, అతని ఆకులో ఇంకో గరిటె వేసి ముందుకు వెళ్ళింది. మునిరత్నం మాత్రం సగం తిని లేచాడు.

చీకటి పడే ముందు పూజకు సర్దారు. హాల్లో చాప పరిచి పనిముట్లు వరుసగా పెట్టారు. ప్రతిదానికి పసుపు, కుంకుమ బొట్టు, ఒక పువ్వు. బొచ్చెలకు చిన్న దండలు. పనిముట్లతో పాటు ఇంట్లో రోజూ వాడేవి కూడా: కత్తిపీట, కత్తెర, రేవతి స్కూటరు తాళం, ఇల్లు ఊడ్చే చీపురు. పూజలో పెట్టిన వస్తువును మరునాటి వరకు వాడకూడదు. రేవతి నా పెన్ను అడిగింది, ఇచ్చేశాను. నా చిన్నప్పుడు ఇంట్లో పుస్తకాలు పూజలో పెట్టేవారు. కాన్వెంటుకు సెలవు ఉండేది, చేతిలో పుస్తకం ఉండేది కాదు. ఏడాదిలో నాకు అన్నిటికన్నా పొడుగైన రోజు అదే. పెన్ను లేకపోవడం వల్ల ఇక్కడి నుంచి జరిగింది జ్ఞాపకం మీద రాస్తున్నాను.

కత్తి పూజలో పెట్టకముందే ఎవరో కాయ తొడిమ దగ్గర గుండ్రంగా కోసి, కుంకుమ, సున్నం నింపి, మూత పెట్టేశారు. అంటే మునిరత్నం ఏదో ఒకటి నిశ్చయించుకున్నాడు. కాంతమ్మ అది చూసిందిగాని అడగలేదు.

హారతి అయింది. బొరుగులు పంచారు. అందరూ గోవిందును చూశారు, గోవిందు కాయను చూశాడు. కాంతమ్మ వెళ్ళి గేటుకు ఆనుకుని నిలబడింది. అప్పుడు మునిరత్నం వరుసలోంచి ఒక బొచ్చె తీసి, గేటు లోపల నేల మీద పెట్టాడు. కాయ మీద కర్పూరం వెలిగించి, ఇంటికి, పనిముట్లకు, మనుషులకు మూడుసార్లు తిప్పాడు.

“కాయ పగలల్ల అని వాడంటాడు. రోడ్డు మీద పడకూడదని మీ అమ్మంటాది,” అన్నాడు రేవతితో. “రెండూ అయిపోతాయి, చూడు.”

కాయను తల మీదికెత్తి బొచ్చెలో కొట్టాడు. పెద్ద చప్పుడేమీ రాలేదు. గుజ్జు, కుంకుమ నీళ్ళు బొచ్చె అంచుదాకా వచ్చి ఆగాయి. బయట ఒక్క చుక్క పడలేదు. మునిరత్నం సంతోషంగా తలెత్తాడు. ఎవరూ నవ్వలేదు. గోవిందు మనుషుల్లో ఒకడు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

“ఏం పని చేసినావన్నా?” అన్నాడు గోవిందు మెల్లగా.

“ఏమిరా?”

“అది పూజలో ఉండే బొచ్చె కదా! పసుపు పెట్టి, దండ వేసి, హారతి ఇచ్చి, దాంట్లోనే దిష్టి కొడితివే. ఇంక దిష్టి యాడికి పోతాది? బొచ్చెలో దిగింది.”

మునిరత్నం బొచ్చెలోకి వంగి చూశాడు. దాని అంచుకు బంతిపూల దండ ఇంకా ఉంది. “అయ్యయ్యో,” అన్నాడు.

“మేస్త్రి దిష్టిని కాంక్రీట్లో కలిపేసినాడప్పా, ఇంక ఊడదు,” అన్నాడు వెనక నుంచి ఒకడు. ఇంకొకడు, “ఎన్ని మూటల సిమెంటుకు ఎంత దిష్టి, అన్నా?” అన్నాడు.

“చాలు, ఆపండిరా,” అన్నాడు గోవిందు. “రోడ్డు మీద కుమ్మరించల్ల. వేరే దోవ లేదు.”

మునిరత్నం బొచ్చె ఎత్తుకున్నాడు. గేటు దగ్గర భార్య ఉంది. ఆమె పక్కకు జరిగింది. అది ఒప్పుకోవడంలా అనిపించలేదు. అతను రెండడుగులు బయటికి వేసి బొచ్చె బోర్లించాడు. గుజ్జు గేటు ముందు నుంచి రోడ్డు మధ్యదాకా పారింది. సరిగ్గా ఆమె వద్దన్న చోట, వద్దన్నట్టే.

అంతలో ఒక మోపెడ్ వచ్చింది. వెనక సీటు మీద పాల క్యాను. గుజ్జు మీద ముందు చక్రం పక్కకు జారింది. నడిపేవాడు కాలు ఆనించి, బండి నిలబెట్టుకుని, మమ్మల్నందరినీ ఒకసారి చూసి, తమిళంలో ఏదో అని వెళ్ళిపోయాడు.

“గోవిందూ, ఇప్పుడు దిష్టి యాడ ఉండాది?” అంది కాంతమ్మ.

“రోడ్డు మీద. పొయ్యేవాళ్ళ కాళ్ళు తొక్కి తొక్కి మోసుకొని పోతాయి. అందుకే కదక్కా రోడ్డు మీద కొట్టేది.”

“నిజమే. పోయిన యేడు మోసింది నేనే.”

ఆమె గొంతు పెంచలేదు.

ఊడ్చడానికి చీపురు లేదు, అది బొట్టు పెట్టుకుని దీపం ముందు ఉంది. పార కూడా అంతే. పైగా దీపాలు పెట్టాక ఊడ్చరు. పగిలిన ముక్కల్ని చేత్తో ఎవరూ ముట్టరు, ముట్టినవాళ్ళకు దిష్టి అంటుకుంటుంది. ఊరంతా గుజ్జు తెల్లారేదాకా రోడ్ల మీదే ఎందుకు ఉంటుందో నాకు అక్కడ అర్థమైంది. బద్ధకం ఒక్కటే కాదు. ఆ సాయంత్రం దాన్ని ఎత్తడానికి ఒక్క వస్తువూ, ఒక్క మనిషీ మిగలకుండా పండుగే చూసుకుంటుంది.

కాంతమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి రోడ్డు మీద గొంతుక్కూర్చుంది. ఎడమ చేత్తో ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. కుడి చెయ్యి మోకాలి మీద పెట్టుకుంది. వేయడానికి ఆకు కావాలంది. కత్తి లేదు కాబట్టి రేవతి, నేను పెరట్లో అరటి ఆకును చేత్తో చించి తెచ్చాం. మునిరత్నం దగ్గరికి వచ్చి, “లేమే, నేను చేస్తా,” అన్నాడు.

“మీ నాయన్ను పక్కకు జరగమను. వెలుతురు పడల్ల,” అంది ఆమె రేవతితో.

గోవిందు గేటు దగ్గర నిలబడి ఉన్నవాడు ముందుకు వచ్చాడు. “అక్కా, లే.”

“నువ్వు రావద్దు. రేపు ఎక్కేవాడివి. ముట్టుకోవద్దు,” అంది తలెత్తకుండా. “దూరంగా ఉండు నాయనా. మీ పిల్లోళ్ళను కూడా లోపలికి పొమ్మను.”

అతను కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆమె తనను ఎగతాళి చేస్తోందేమో అని చూసినట్టున్నాడు. ఆమె నిజంగానే అంటోంది. ముక్క ఏరి, ఆకులో వేసి, ఇంకో ముక్క కోసం పక్కకు జరుగుతోంది. గోవిందు లుంగీ మడిచి కట్టుకుని ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని, రెండు చేతులతో గుజ్జు ఎత్తడం మొదలుపెట్టాడు.

“ఒరేయ్, మరి రేపు?” అన్నాడు మునిరత్నం.

“రేపటి మాట రేపు,” అన్నాడు గోవిందు.

తర్వాత మేస్త్రి కూడా కూర్చున్నాడు. గోవిందు మనుషులు మాత్రం దూరంగానే ఉండి, వచ్చే బండ్లను చేతులూపి పక్కకు పంపారు. ముక్కలన్నీ పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన గుంటలో వేశారు. రోడ్డు మీద మిగిలిన జిగట మీద ఇసుక చల్లి, అరచేతులతో కూడదీసి, నీళ్ళు పోశారు. ఎర్ర మరక కొంచెం మిగిలింది. గోవిందు చేతులు కడుక్కుని, కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు. వస్తాడా రాడా అని ఎవరూ అడగలేదు.

మరునాడు ఉదయం ఏడింటికి కట్టుబడి జరిగే ఇంటికి వెళ్ళాం. నడిచి పది నిమిషాల దూరం. కాంక్రీటు కలిపే మిషను వచ్చింది, ఇసుక, కంకర సిద్ధంగా ఉన్నాయి. ఇంటి యజమాని కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. గోవిందు మనుషులు వచ్చి ఇటుకల మీద కూర్చున్నారు. గోవిందు రాలేదు. మునిరత్నం ఇసుక చుట్టూ తిరుగుతున్నాడు, ఫోను చేయడం లేదు. చేస్తే రానంటాడేమో అనే భయం కాబోలు. కాంతమ్మ ఫ్లాస్కులో కాఫీ, స్టీలు గ్లాసులు తెచ్చి గుంజల పక్కన పెట్టింది. ఎవరికీ పోయలేదు.

కాసేపటికి గోవిందు తడి తలతో నడుచుకుంటూ వచ్చాడు. ఇటుకల మీద ఉన్నవాళ్ళు లేచారు.

“అన్నా, ముక్కలు నువ్వే ఎత్తినావు కదా,” అన్నాడు ఒకడు.

“ఎత్తినా.”

“ఏమన్నా అయిందా?”

“చేతులు గుమ్మడికాయ వాసన. మా ఇంటామె పక్కకు రానివ్వలేదు. అంతే.”

ఎవరో నవ్వారు. గోవిందు నవ్వలేదు. చెప్పులు విప్పి, నిచ్చెన పట్టుకుని పైకి చూశాడు. అతని మనసులో ఆ మూల ఏముందో నాకు తెలియదు. ఎక్కడం మొదలుపెట్టాడు. “మామూలుగా వాడు కడాన ఎక్కుతాడు. పిల్లోళ్ళందర్నీ పంపించి ఎక్కుతాడు,” అన్నాడు మునిరత్నం నా పక్కన, తనలో తాను అనుకున్నట్టు. రెండు అంతస్తుల నిచ్చెన. కాంతమ్మ కదలకుండా పైకే చూసింది. గోవిందు రెండో కాలు కూడా నిచ్చెన నుంచి తీసి రేకు మీద పెట్టాడు. అడుగు నేరుగా పడింది. అప్పుడు ఆమె ఫ్లాస్కు మూత తిప్పి, ఎడమ చేత్తో కాఫీ పోయడం మొదలుపెట్టింది.

కొబ్బరికాయ కొట్టారు, మిషను తిరిగింది. పదకొండింటికి సగం పైగా కాంక్రీటు పడింది. నేను స్టేషనుకు ఆటో మాట్లాడుకుని, కాట్పాడి దాకా రైల్లో వచ్చాను.

పండుగల్లో చెత్త తగ్గించడం గురించి నేను చదివినవన్నీ ఏం కొనాలి, ఏం కొనకూడదు అన్న సలహాలే. పూల దండలు, అరటి ఆకులు, గుడ్డసంచులు. కాంతమ్మ అవన్నీ చేసింది, అవి సులువుగానే జరిగాయి. కష్టమైనది వేరే ఉంది. ఆ కాయను పగలగొట్టేవాడు ఎవరో అందరికీ తెలుసు. ఎత్తేవాళ్ళు ఎవరన్నది మాత్రం ఆచారంలో లేదు. అందుకే అది పొద్దున్నే వచ్చే పారిశుద్ధ్య కార్మికులకు, లేదా మొదట గేటు తీసే ఆడమనిషికి మిగులుతుంది. గోవిందు నమ్మకం మారిందని నేను చెప్పలేను, వచ్చే ఏడు అతను ఇంకో కాయ తేవచ్చు. దిష్టి తీయడంలో ఎత్తడం కూడా ఒక భాగమైతే ఆ కాయతో నాకు పేచీ లేదు. కాంతమ్మకు కూడా ఉండకపోవచ్చు.

మీరు ఆయుధ పూజకు గుమ్మడికాయ పగలగొట్టే ఇల్లయితే ఒకటి చేయండి: పనిముట్లకు బొట్లు పెట్టే ముందు ఒక చీపురు, ఒక చేట పూజలో పెట్టకుండా బయట ఉంచండి. వాటిని ఎవరు పట్టుకోవాలో కూడా కాయ పగలకముందే తేల్చుకోండి.